మేడ మీద రెండో డీబీ (కరెంటు పంపిణీ పెట్టె): నాలుగేళ్లు వాడాక

2021లో గుంటూరులో మా పాత ఇంటిపైన రెండు గదులు, వంటిల్లు వేసుకున్నాం. అప్పటిదాకా ఉన్నది సింగిల్ ఫేజ్ మీటరు, గుమ్మం పక్కన ఫ్యూజు బోర్డు. ఏసీ, గీజరు ఆన్‌లో ఉండగా మోటారు వేస్తే లైట్లు మసకబారేవి. పైన ఇంకో రెండు ఏసీలు, ఒక గీజరు అనగానే మా ఎలక్ట్రీషియన్ కాగితం మీద లెక్క వేశాడు. ఒకటిన్నర టన్ను ఏసీకి దాదాపు 8 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజరుకి 9. మోటారు, ఫ్రిజ్ కలిపితే 50 దాటింది. లోడు పెంచి త్రీ ఫేజ్ తీసుకున్నాం. మీటరు దగ్గర్నుంచి పైకి 10 చదరపు మిల్లీమీటర్ల నాలుగు కోర్ల రాగి కేబుల్ లాగి, మేడ మీద విడిగా డీబీ, దాంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాం.

మొదటి నెల నరకం చూశాం. రోజూ చీకటి పడగానే పైన మొత్తం కరెంటు పోయేది. ఆర్‌సీసీబీయే పాడైందనుకుని కొత్తది వేసినా అంతే. మూడు రోజులు వెతికితే తేలింది: మెట్ల లైటుకి ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) పై డీబీ నుంచి, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కింది బోర్డు నుంచి ఇచ్చారు. వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీగానే చూస్తుంది. 9 వాట్ల బల్బు చాలు, ఆర్‌సీసీబీ ట్రిప్పయి పడిపోతుంది. న్యూట్రల్ మార్చాక మళ్లీ ఆ గొడవ లేదు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం రెండో వేసవి. ఒక గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, పక్క గదిలో లైటు మిణుకుమంటోంది. వెంటనే మెయిన్ కట్టేశాను. చూస్తే డీబీలో న్యూట్రల్ స్క్రూ లూజు. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ ఊడితే 230 వోల్టుల వస్తువు మీదికి 400 దాకా రావచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది అందుకే. అప్పట్నుంచి ఏటా ఫిబ్రవరిలో కరెంటు ఆపించి స్క్రూలన్నీ బిగించుకుంటున్నాం. ఎర్తింగ్ గుంతలో ఎండాకాలం వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తాను.

పెట్టిన డబ్బుకి నాకు బాధ లేదు. గీజరు ఎలిమెంటు పాడైన రోజు, అమ్మ స్నానానికి వెళ్లకముందే ఆర్‌సీసీబీ పడిపోయింది. ఆ ఒక్కరోజుకే ఖర్చంతా తీరిపోయింది నాకు.

ఒక్క పొరపాటు మాత్రం నాదే. డీబీ చిన్నది తీసుకున్నాను, ఒక్క ఖాళీ కూడా మిగల్లేదు. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్‌కి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) కావాలంటే గోడ పగలగొట్టి పెద్ద పెట్టె బిగించాల్సి వస్తోంది.