రెండు రోజుల ‘ఇంటర్మీడియట్’ రాక్ క్లైంబింగ్ క్యాంపుకు డబ్బు కట్టేముందు ఇది చదవండి

హనుమకొండ, వరంగల్ కాలేజీ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతోంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రెండు రోజులు, ఇంటర్మీడియట్ రాక్ క్లైంబింగ్, మనిషికి 3,500 రూపాయలు, భోజనం, టెంటు, సర్టిఫికెట్ అన్నీ కలిపి. అక్టోబర్‌లో మా కాలేజీ నుంచి 18 మందిమి వెళ్లొచ్చాం. డబ్బు వసూలు చేసింది నేనే. భయపడుతున్న జూనియర్లకు నచ్చజెప్పిందీ నేనే. అందుకే ఇది రాయాల్సింది కూడా నేనే. నిర్వాహకుల పేరు రాయడం లేదు. పేరు మార్చి ఇంకో పోస్టర్ వేయడం వాళ్లకు ఐదు నిమిషాల పని. పిలిచింది ఎవరైనా ఏం చూసుకోవాలో మీకు తెలిస్తే చాలు.

“ఇంజనీరింగ్‌లో చేరినంక మళ్లీ ఇంటర్మీడియట్ ఏందిరా?” అని మా అమ్మ నవ్వింది. ఆమె ప్రశ్న నేను ఆ క్యాంపు వాళ్లను అడిగి ఉండాల్సింది. బేసిక్ కోర్సులో పైన యాంకర్, అంటే తాడును చెట్టుకో రాతికో బిగించే ఆధారం, ఎవరో కట్టిపెడతారు, మనం ఎక్కి దిగుతాం. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి ఆ యాంకర్ మనమే కట్టాలి. లీడ్ చేసేవాడికి, అంటే ముందుగా ఎక్కుతూ తాడును తగిలించుకుంటూ పోయేవాడికి, బిలే ఇవ్వాలి, అంటే కింద తాడు పట్టుకుని పడకుండా ఆపాలి. ర్యాపెల్, అంటే తాడు మీద జారుతూ దిగేటప్పుడు, చెయ్యి వదిలినా తాడును పట్టేసే ప్రూసిక్ ముడితో బ్యాకప్ పెట్టుకోవాలి. ఇంకొకరి ప్రాణం మన చేతి పట్టులో ఉంటుంది. ఇదంతా శని, ఆదివారాల్లో అయ్యే పనేనా?

నేను రెండేళ్ల కిందట భువనగిరి గుట్ట మీద బేసిక్ చేశాను. అక్కడ మొదటి పూట రాతిని ముట్టుకోనివ్వలేదు. నడుముకు తాడు కట్టుకునే ఫిగర్ ఎయిట్ ముడి కళ్లు మూసుకుని వేయగలిగేదాకా కూర్చోబెట్టారు. అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు దండం పెడుతున్నాను. మాలావత్ పూర్ణ మొదలుపెట్టింది కూడా ఆ గుట్ట మీదే. తర్వాత డార్జిలింగ్‌లో, లడాఖ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సే దాదాపు నాలుగు వారాలు, అందులో ‘ఎ’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్‌కు తీసుకుంటారు. మా సర్టిఫికెట్ మీద మాత్రం రెండు రోజులకే ‘అడ్వాన్స్‌డ్‌కు అర్హులు’ అని అచ్చేశారు.

పరకాల మీదుగా రేగొండ వైపు పొద్దున్నే వెళ్లాం. గుట్ట దగ్గర అటవీశాఖ వాచర్ పర్మిషన్ కాగితం అడిగితే, మా క్యాంపు అన్న ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు నడిచాడు. ఆ కాగితం మాకెవరికీ కనబడలేదు. 18 మందికి ఇద్దరు ట్రైనర్లు, రెండు తాళ్లు. రోజంతా కలిపి ఒక్కొక్కరికి దొరికింది రెండు ఎక్కుళ్లు, మిగతా టైమంతా డ్రోన్ షూటింగే. ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలున్న గుట్టలవి. ఆ బొమ్మల పక్క రాతికే మావాళ్లు చాక్ పొడి అంటిన చేతులు తుడిచారు. ట్రైనర్లు చూసి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను, అది నా తప్పు.

సాయంత్రం ఒక సెకండియర్ అమ్మాయి దిగుతుంటే బిలే ఇచ్చింది ఆమె క్లాస్‌మేటే. వాడికి నేర్పింది ఐదు నిమిషాలు. మామూలు ట్యూబ్ రకం బిలే పరికరంలో బ్రేక్ తాడు, అంటే పట్టుకుంటే ఆగే వైపు తాడు, పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు, అందులో తనంతట తాను ఆగే ఏర్పాటేమీ ఉండదు. జేబులో ఫోన్ మోగితే వాడు చెయ్యి తీశాడు. అమ్మాయి రెండు మీటర్లు జారింది. పక్కనున్న ట్రైనర్ తాడు అందుకోబట్టి సరిపోయింది. చీలమండ వాచింది. ఫస్ట్ ఎయిడ్ అంటే ఒక స్ప్రే డబ్బా, నాలుగు బ్యాండ్ ఎయిడ్లు. పరకాలలో ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదన్నారు. ఆటో ఖర్చు కూడా మాదే.

ఆ రాత్రి వాన పడింది. పాండవుల గుట్టలది ఇసుకరాయి. ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటే మెత్తబడుతుంది, పట్టుకున్న అంచు చేతిలోకే ఊడొస్తుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగాలి. మన హనుమకొండ గ్రానైట్ గుట్టలకు ఈ బాధ లేదు, జారుడు తప్ప. పొద్దున ఎనిమిదింటికే మమ్మల్ని పైకి తోలారు.

పైన యాంకర్ చూసి నాకు కాళ్లు ఆడలేదు. ఒకే ఒక చెట్టు మొదలు, దానికే రెండు స్లింగులు (పట్టీ ఉచ్చులు). ఆ చెట్టు కదిలితే రెండూ పోతాయి. ఒకటి పోయినా నిలబడేలా, వేర్వేరు చోట్ల కనీసం రెండు ఆధారాలు ఉండాలి. వాటి మధ్య కోణం కూడా తక్కువగా ఉండాలి. అది 120 డిగ్రీలకు చేరితే ఒక్కో ఆధారం మీద పూర్తి బరువంతా పడుతుంది. తాడు తగిలించే కొక్కెం, అదే కారాబినర్, దాని స్క్రూ తిప్పి లేదు. తాడు రాతి అంచు మీద నేరుగా పడి ఉంది, కింద గోనెసంచి ముక్క కూడా వేయలేదు.

తాడు చేతిలోకి తీసుకుని మెల్లగా వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయాను. నీలం తాడు, అంతా నూగు లేచింది. మధ్యకు వచ్చేసరికి ఒకచోట గుండ్రంగా లేదు, చదునుగా, మెత్తగా తగిలింది. అక్కడ వంచి చూశాను. మంచి తాడును వంచితే చిన్న ఉంగరంలా నిలబడుతుంది. ఇది కాగితంలా మడత పడింది. పైతొడుగు కింద లోపలి దారం దెబ్బతింటే అలాగే అవుతుంది. కొస చూశాను. అక్కడ ఉండాల్సిన లేబుల్ లేదు. కోసి, లైటర్‌తో కాల్చి అంటించారు.

“అన్నా, ఈ తాడు ఒక్కసారి చూడు.”

“ఏం గాదు తమ్మీ. మొన్ననే ఇదే తాడుతోని నలభై మందిని దించిన.”

“లేబుల్ ఏది?”

“లేబుల్ జూసి గుట్ట ఎక్కుతరా ఎవలన్న?”

చూసే ఎక్కాలి. లేబుల్ మీద ఈఎన్ 892 (యూరప్ ప్రమాణం) అని ఉంటే డైనమిక్ రోప్, పడినప్పుడు సాగి ఆ ఊపును మింగుతుంది. ఈఎన్ 1891 అని ఉంటే స్టాటిక్, ర్యాపెల్లింగ్‌కు బాగుంటుంది గానీ పెద్దగా సాగదు. దానిమీద లీడ్ చేసి పడితే ఆ దెబ్బంతా నడుముకూ యాంకర్‌కూ తగులుతుంది. లేబుల్ లేని ఆ తాడు మీదే మధ్యాహ్నం మాతో లీడ్ చేయిస్తామన్నారు. ముందు దాంతోనే కిందికి దిగమంటే నేను దిగనన్నాను. నా వెనక 11 మంది ఆగిపోయారు. మిగతావాళ్లు దిగారు. వాళ్లు కింద కాలు పెట్టేదాకా నేను నోరు తెరవలేదు.

డబ్బు సగమైనా ఇవ్వమంటే మేం సంతకం పెట్టిన ఫారం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ‘ఏం జరిగినా మాకు బాధ్యత లేదు’ అని రాసి ఉంది. బస్సులో, కదులుతుండగా, చదవకుండానే సంతకాలు పెట్టాం. బిల్లు అడిగితే జవాబు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పేమెంట్ స్క్రీన్‌షాట్లు, పోస్టర్, ఎక్స్‌రే రసీదు అన్నీ దాచుకున్నాను, మీరూ దాచుకోండి.

అడ్వాన్స్ అడిగితే ముందు తాడు కొస ఫొటో పంపమనండి. ట్రైనర్ ఎక్కడ, ఏ కోర్సు చేశాడో అడగండి. ఒక్కో ట్రైనర్‌కు ఎంతమంది, వాన పడితే ఏం చేస్తారు అని కూడా. మా పోస్టర్ అన్నను నేను అడిగింది ఒక్కటే, నాన్‌వెజ్ ఉంటుందా అని.

మొన్న వాళ్ల కొత్త రీల్ చూశాను. అదే నీలం తాడు, మధ్యలో ఎర్ర టేపు చుట్టి ఉంది. డిసెంబర్ బ్యాచ్‌కు ఇంకా సీట్లున్నాయట.