షుగర్ ఉన్నవాళ్లకు ఏ చాక్లెట్ మేలు: డార్కా, షుగర్‌ఫ్రీనా, మామూలుదా?

రాఖీ పండుగ దగ్గర పడగానే ఒకసారి, దీపావళి ముందు మరోసారి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. షుగర్ ఉందని తెలిసింది, చాక్లెట్ మానడం నా వల్ల కావడం లేదు, షుగర్‌ఫ్రీ కొనుక్కోనా, లేక డార్క్ చాక్లెట్‌కు మారిపోనా అని. అడిగేవాళ్లలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు, మాదాపూర్‌లో రాత్రి షిఫ్టులు చేసే ముప్పై ఏళ్ల పిల్లలూ ఉన్నారు. నాకూ టైప్ 2 మధుమేహం ఉంది, చాక్లెట్ అంటే చెప్పలేనంత ఇష్టమూ ఉంది. కాబట్టి ఈ మూడింటినీ నేను పుస్తకంలో చదివి పోల్చడం లేదు, రోజూ వాటి మధ్యే ఎంచుకుంటున్నాను.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని లెక్కగట్టింది. అంతమందినీ బతికినంత కాలం తీపి ముట్టవద్దంటే వినేవాళ్లెవరు? తినవచ్చా అనే దశ దాటి, ఏది, ఎంత, ఎప్పుడు అన్న దగ్గరికి వద్దాం. అయితే ఒక మాట. రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఏడు దరిదాపుల్లో ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. తొమ్మిది, పది దగ్గర ఉన్నవాళ్లు చాక్లెట్ సంగతి పక్కనపెట్టి ముందు మందుల సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి.

మామూలు మిల్క్ చాక్లెట్‌తో మొదలుపెడదాం. దాని బరువులో సగానికి పైగా చక్కెరే ఉంటుంది. పది గ్రాముల ముక్క తింటే టీస్పూను నిండా చక్కెర లోపలికి వెళ్లినట్టే, రెండు ముక్కలు తింటే పదకొండు, పన్నెండు గ్రాములు. రోజు మొత్తానికి కలిపి పైనుంచి చేరే చక్కెర 25 గ్రాములు దాటకపోతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అది ఆరోగ్యవంతులకు చెప్పిన హద్దు. అందులో దాదాపు సగం రెండు ముక్కలకే ఖర్చయిపోతుంది. అలాగని అది విషమూ కాదు. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అందుకే దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, తెల్ల అన్నం కంటే తక్కువ. ఒక కప్పు అన్నంలో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. చాక్లెట్ ముక్కకు హడలిపోయేవాళ్లు బిర్యానీ మారు వడ్డించుకునేటప్పుడు ఆ లెక్క గుర్తు చేసుకోవాలని నా మనవి.

డార్క్ చాక్లెట్ విషయంలో పొట్లం మీది శాతం చూడాలి. 70 శాతం కోకో ఉన్నదానిలో చక్కెర నూటికి 30 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంటే పది గ్రాముల ముక్కకు మూడు గ్రాములు. 85 శాతానికి వెళితే అది ఒకటిన్నరకు దిగుతుంది. కేలరీలు మాత్రం తగ్గవు. కోకో పెరిగిన కొద్దీ కోకో కొవ్వూ పెరుగుతుంది కాబట్టి ఇరవై గ్రాముల డార్క్‌లో దాదాపు 120 కేలరీలుంటాయి, మిల్క్ చాక్లెట్ కంటే ఓ పిసరు ఎక్కువే. బరువు తగ్గాల్సినవాళ్లు ఇది మరిచిపోకూడదు.

ఇక షుగర్‌ఫ్రీ. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం వంద గ్రాములకు అర గ్రాము మించి చక్కెర లేకపోతేనే ఆ మాట పొట్లం మీద వేసుకోవాలి. కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. కానీ చక్కెర తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. చాలా వాటిలో పెట్టేది మాల్టిటాల్. పొట్లం వెనక పదార్థాల జాబితాలో ఆ పేరైనా, 965 అనే అంకె అయినా కనిపిస్తుంది. చక్కెర పెంచేటంత కాకపోయినా మాల్టిటాల్ కూడా రక్తంలో గ్లూకోజు పెంచుతుంది, రమారమి సగం మేరకు. కేలరీలు కూడా చక్కెరలో సగానికి పైగా ఉంటాయి. పైగా కొవ్వు ఎక్కడికీ పోదు. సున్నా అనుకుని తినేది నిజానికి సున్నా కాదు.

మాల్టిటాల్‌తో ఇంకో చిక్కు, పేగుల్లో పూర్తిగా జీర్ణం కాదు. ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు. పొట్లం మీద చిన్న అక్షరాల్లో ఆ హెచ్చరిక కూడా ఉంటుంది, ఈసారి కొన్నప్పుడు చూడండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టిన కొత్తలో చాలామందికి కడుపు ఎటూ కుదురుగా ఉండదు. దానికి ఇది తోడైతే నెపం మందు మీదికి పోయి, మాత్ర మానేసేవాళ్లున్నారు. అది చాలా ప్రమాదం. మాల్టిటాల్‌కు బదులు ఎరిత్రిటాల్, స్టీవియా అనే తీపి పదార్థాలు వాడినవి నయం. గ్లూకోజు దాదాపు పెంచవు. ధర ఎక్కువ, దొరకడం కొంచెం తక్కువ.

ఇంతవరకు చూస్తే అంకెల్లో ఎరిత్రిటాల్ చాక్లెట్టే గెలవాలి. అయినా నా ఓటు 70 శాతం డార్క్‌కే. ముక్కలో ఎంత చక్కెర ఉందన్నదాని కంటే ఎన్ని ముక్కల దగ్గర చెయ్యి ఆగుతుందన్నదే అసలు సంగతి అని నేను గట్టిగా నమ్ముతాను. షుగర్‌ఫ్రీ అన్న మాట ఆ ఆగే గుణాన్నే తీసేస్తుంది. మామూలు చాక్లెట్ ఒక ముక్క తిని తప్పు చేసినట్టు దాచిపెట్టే మనిషి, షుగర్‌ఫ్రీ బార్ అయితే సాయంత్రం టీవీ ముందు కూర్చుని మొత్తం ఖాళీ చేస్తాడు. మా బంధువర్గంలో ఇది ఎన్ని ఇళ్లలో చూశానో! మిల్క్ చాక్లెట్ తీపికి, పాల కమ్మదనానికి రెండో ముక్క మీదికి మనసు దానంతటదే పోతుంది. చేదు ఉన్నదానికి ఆ గుణం లేదు.

ఒకసారి ఇలా చేసి చూడండి. భోజనమయ్యాక 70 శాతం డార్క్ ముక్క ఒకటి విరవండి. మంచి చాక్లెట్ టప్పుమని విరుగుతుంది, అంచు నున్నగా ఉంటుంది. నాలుక మీద పెట్టి నమలకుండా వదిలేయండి. కోకో కొవ్వు సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి దానికంటే కొంచెం ఎక్కువ. అందుకని అంచుల నుంచి మెల్లగా జారడం మొదలవుతుంది. ముందు చేదు, తర్వాత కాస్త వగరు, ఆ తర్వాత పుల్లదనం, చివర్లో ఎక్కడో తీపి. అది కరిగేలోపు మిల్క్ చాక్లెట్ అయితే మూడు ముక్కలు నమిలి మింగేసేవాళ్లం. డార్క్ ఒక ముక్కతో నోరు నిండిపోతుంది, రెండో ముక్కతో కోరిక తీరుతుంది. మూడోది అడగాలనిపించదు. నా హద్దు ఆ రెండు ముక్కలే, ఆరు గ్రాముల చక్కెర.

హైదరాబాద్ ఎండాకాలంలో గది వేడే 34 దాటుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఫ్రిజ్ తప్పదు. గాలి చొరని డబ్బాలో పెట్టండి, లేకపోతే ఇంగువ వాసన, ఉల్లిపాయ వాసన అన్నీ పడతాయి. తినే ముందు పది నిమిషాలు బయట ఉంచండి. చల్లటి ముక్కకు రుచి తెలియదు, పళ్లు దాన్ని నమిలేస్తాయి, నోటికి ఇంకొకటి కావాలనిపిస్తుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. ముందు వైపు పెద్ద అక్షరాలతో డార్క్ అని ఉండి, శాతం ఎక్కడా లేని బార్లు సూపర్ మార్కెట్లలో వరసగా పేర్చి ఉంటాయి. వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి పేరు చక్కెర అయితే అది రంగు ముదిరిన మామూలు చాక్లెట్టే, తిరిగి అరలో పెట్టేయండి. వనస్పతి, పామాయిల్ వంటి కొవ్వుల పేర్లు కనిపిస్తే అది చాలావరకు కాంపౌండే, అంటే కోకో కొవ్వుకు బదులు వేరే కొవ్వులతో చేసినది. మెరిసే కాగితాల్లో చుట్టి ఇంట్లో చేసినవని అమ్మే చాక్లెట్లు ఎక్కువగా ఈ కాంపౌండ్ పలకలు కరిగించి పోసినవే, వాటికి లేబులే ఉండదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి 2024లో ఇచ్చిన 17 ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనమన్నది కూడా ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ఒక్క అలవాటు ఎంత మేలు చేస్తుందో చెప్పలేను.

ఒక సంతోషం కూడా పంచుకోవాలి. దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో, ఆయిల్‌పామ్ వరసల మధ్య పండిన గింజలతో బంజారా హిల్స్‌లోని ‘మనం చాక్లెట్’ అనే సంస్థ వాళ్లు ఇక్కడే చాక్లెట్ తయారు చేస్తున్నారు. శాతం రాసి ఉంటుంది, గింజ ఎక్కడిదో కూడా తెలుస్తుంది. ధర ఎక్కువే. కానీ రోజుకు ఒకటి రెండు ముక్కలు తినేవాళ్లకు బార్ చాలా రోజులు వస్తుంది. మన నేల మీద పండినదాన్ని మన ఊళ్లో ఇంత శ్రద్ధగా చేస్తుంటే గర్వంగా ఉంటుంది నాకు.

డార్క్ చాక్లెట్ మధుమేహాన్ని తగ్గిస్తుందంటూ ఫోన్లలో తిరిగే కబుర్లను మాత్రం నమ్మకండి. 2024 డిసెంబరులో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, వారానికి ఐదుసార్లు, ఆపైన డార్క్ తినేవాళ్లకు టైప్ 2 వచ్చే అవకాశం 21 శాతం తక్కువగా కనిపించిందని చెప్పిన మాట నిజం. అది అప్పటికి జబ్బు లేనివాళ్లను ఏళ్ల తరబడి గమనించి చెప్పినది. చాక్లెట్టే కారణమని అది తేల్చలేదు, వచ్చిన జబ్బుకు మందని అసలే అనలేదు. మాత్రలకు బదులుగా డార్క్ తినే ఆలోచన ఎవరికీ రాకూడదు.

ఎప్పుడు తినాలంటే, భోజనం చివర. కూర, పప్పు, పెరుగు పడిన కడుపులో చక్కెర ఉరుకులు పెట్టదు. పరగడుపున వద్దు, రాత్రి పడుకోబోయే ముందు వద్దు. ఇంకా ముఖ్యం, దేనికో బదులుగా తినాలి, అదనంగా కాదు. సాయంత్రం ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అలవాటున్నవాళ్లు చాక్లెట్ తిన్న రోజు బిస్కెట్లు మానేయాలి, చాయ్‌లో చక్కెర తగ్గించుకోవాలి. పెళ్లికో విందుకో వెళ్లి డబుల్ కా మీఠా తిన్న రోజు చాక్లెట్ లేదు, అంతే. తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే గ్లూకోమీటరులో తేడా మీకే కనిపిస్తుంది.

మీ ఒంటి సంగతి ఆ యంత్రమే చెప్పాలి. స్ట్రిప్పులు చవక కాదని తెలుసు. అయినా కొత్త రకం మొదలుపెట్టినప్పుడు ఒక్కసారైనా తినే ముందు, తిన్న రెండు గంటలకు చూసుకోండి. ఒకే చాక్లెట్ ఇద్దరిలో ఒకే విధంగా పనిచేయదు.

బెల్లంతో చేసినవి, ఖర్జూరంతో చేసినవి, కొబ్బరి చక్కెరతో చేసినవి రక్తానికి దాదాపు చక్కెరతో సమానమే. తెల్ల చాక్లెట్‌లో కోకో పొడే ఉండదు, వదిలేయండి. పాలలో కలిపే చాక్లెట్ పొడుల్లో ఎక్కువ భాగం చక్కెర. తీపి లేని కోకో పొడి మటుకు పాలలో వేసుకోవచ్చు.

అందరికీ డార్క్ పడదు, ఒప్పుకుంటాను. మా అత్తగారి వయసువాళ్లకు ఆ చేదు శిక్షలా ఉంటుంది. అలాంటివాళ్లకు మామూలు మిల్క్ చాక్లెట్‌లోనే అన్నిటికంటే చిన్న పొట్లం, పండుగ రోజున, భోజనం తర్వాత ఇవ్వండి. పెద్ద బార్ ఇంట్లో పెట్టకండి. ఒక్క ముక్కతో నిజంగా ఆగగలిగిన మనిషికి ఎరిత్రిటాల్ షుగర్‌ఫ్రీ కూడా మంచిదే. డార్క్ అలవాటు చేసుకుందామనుకునేవాళ్లు నేరుగా 85కు దూకకండి. 55తో మొదలుపెట్టి 70కి వచ్చి, అక్కడ కొన్నాళ్లు నిలకడగా ఉండండి.

షుగర్ పడిపోయినప్పుడు చాక్లెట్ తింటే సరిపోతుందా అని కూడా చాలామంది అడుగుతారు. సరిపోదు. ఏ రకమైనా సరే. కొవ్వు వల్ల అది ఆలస్యంగా పనిచేస్తుంది, గ్లూకోమీటరులో 70 కంటే కిందికి దిగి చెమటలు పడుతున్న మనిషికి ఆ ఆలస్యం కూడదు. పదిహేను గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడాలి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మందుతో పాటు వోగ్లిబోస్ కలిసిన మాత్ర వేసుకునేవాళ్లకు పంచదార కూడా త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదార విడిపోవడాన్నే వోగ్లిబోస్ అడ్డుకుంటుంది. వాళ్ల సంచిలో గ్లూకోజే ఉండాలి. మాత్రల అట్ట మీద వోగ్లిబోస్ పేరుందేమో ఈరోజే చూడండి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు నేను పైన చెప్పిన లెక్క వర్తించదు. డార్క్ చాక్లెట్‌లో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. 2022లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ పరీక్షించిన 28 డార్క్ బార్లన్నింటిలో సీసం, కాడ్మియం కూడా కనిపించాయి. క్రియాటినిన్ పెరిగినవాళ్లు, మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లు కిడ్నీ డాక్టరును అడిగాకే డార్క్ ముట్టుకోవాలి.