టరాంటులా పెట్టెలో తేమ కోసం ఎకో ఎర్త్ కొబ్బరి పొట్టు ఇటుక: సమీక్ష

పెంపుడు టరాంటులాల (ఒంటినిండా నూగు ఉండే పెద్ద సాలీళ్ల) పెట్టెలో తేమను అదుపులో ఉంచుతామంటూ మార్కెట్లో రకరకాల పరికరాలు అమ్ముతారు గానీ, నా అనుభవంలో వాటన్నిటికంటే ముఖ్యమైనది పెట్టె అడుగున మనం ఏమి పరుస్తామన్నదే. న్యూజెర్సీలోని మా ఇంట్లో చాలాకాలంగా జూ మెడ్ కంపెనీ వారి ఎకో ఎర్త్ ఇటుకలనే వాడుతున్నాను. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీయగా మిగిలే పొట్టును గట్టిగా అదిమి ఈ ఇటుకలు తయారుచేస్తారు. కోనసీమలో పీచు తీసేచోట గుట్టలుగా కనిపించేదీ, నర్సరీలవారు కోకోపీట్ అని కొనేదీ ఈ పొట్టే.

ఇటుకను బకెట్లో వేసి సుమారు 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోస్తే, అంచుల నుంచి పొరలు పొరలుగా విచ్చుకుంటూ కొద్దిసేపట్లో 7 నుంచి 8 లీటర్ల పొట్టు అవుతుంది. దానిని అలాగే పెట్టెలో వేయకూడదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి రాలకుండా, చెయ్యి తెరిచాక ముద్ద విడిపోకుండా ఉండేంతవరకు నీరు పిండేయాలి. పొడినేలల జాతులకైతే వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరబెట్టాలి. చలికాలంలో ఈ పని రోజుల తరబడి సాగుతుంది కనుక, సాలీడు ఇంటికి రావడానికి ముందే మొదలుపెట్టడం మంచిది.

ఈ పొట్టులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, తేమ ఎంత ఉన్నదో రంగుతో చెప్పడం. ఆరినప్పుడు లేత గోధుమరంగులోనూ, తడిసినప్పుడు ముదురు కాఫీగింజ రంగులోనూ ఉంటుంది. పెట్టె అద్దం పక్కనుంచి చూస్తే ఆ రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత అడుగుకు దిగిపోతున్నదంటే నీళ్లు పోయవలసిన సమయం వచ్చినట్లే. నీళ్లు పైన చిలకరించకుండా ఒక మూలన అద్దం వెంబడి నెమ్మదిగా పోస్తే అడుగుకు చేరి, అక్కడినుంచి పక్కలకు పాకుతాయి. పైపొర పొడిగా, కింది పొర చెమ్మగా ఉండి, తనకు కావలసిన చోటును సాలీడే ఎంచుకుంటుంది.

గాలిలో తేమ శాతం చూపించే మీటరును పెట్టి, ఆ అంకె వెంట పరుగెత్తే పద్ధతి నాకు సమ్మతం కాదు. ఇక్కడి చలికాలాన్నే తీసుకుందాం. బయట సున్నా డిగ్రీల దగ్గర నూరు శాతం తేమతో ఉన్న గాలి అయినా, ఇంట్లోకి వచ్చి 22 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని తేమ శాతం 23 దగ్గరకు పడిపోతుంది. దానిని 80కి లేపాలని గాలి రంధ్రాలు మూసి రోజూ స్ప్రే చేస్తే పెట్టెలో మిగిలేది బూజూ, కదలని గాలీ. టరాంటులాకు పుస్తకాకార ఊపిరితిత్తులు, అంటే పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఉండే శ్వాసావయవాలు 4 ఉంటాయి. అవి పొట్ట అడుగున, నేలకు దగ్గరగా ఉంటాయి కనుక, కుళ్లిన తడినేల దానికి ఎంతమాత్రం హితవు కాదు. కింద చెమ్మ, పైన ధారాళంగా గాలి, ఎప్పుడూ నిండుగా ఉన్న నీటి గిన్నె: ఈ మూడూ ఉంటే మీటరు లేకపోయినా లోటు లేదు. తేమ చాలనప్పుడు సాలీడే తెలియజేస్తుంది. పొట్ట ముడతలు పడి చిన్నదవుతుంది. కాళ్లను చాపేది లోపలి ద్రవపు ఒత్తిడి కనుక, నీరు బాగా తగ్గితే కాళ్లు కిందికి ముడుచుకుపోతాయి. కుబుసం విడవడానికి వెల్లకిలా పడుకున్న సాలీడు మీద నీళ్లు చల్లడం మాత్రం ఎన్నడూ చేయవద్దు.

మన గుత్తి పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధమైన నీలి టరాంటులా, పీసిలోథీరియా మెటాలికాకు ఈ పొట్టు చక్కగా సరిపోతుంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనా ఆధారంగా 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ దీనిని కొత్త జాతిగా వర్ణించాడు. ఆ తరువాత 2001లో గాని నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనిపించలేదు. అది ఆకురాల్చే అడవుల్లో చెట్టు తొర్రల్లో ఉండే జీవి. చుట్టూ అడవి ఎండినా తొర్ర అడుగున కొంత చెమ్మ నిలుస్తుంది. అందుకే బోలుగా ఉన్న బెరడు ముక్కను నిలువుగా పెట్టి, దాని మొదలును చెమ్మ పొట్టులో నాలుగు వేళ్ల లోతున పాతుతాను. పైభాగం మాత్రం పొడిగా వదిలేస్తాను. తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి ఇది. 2019 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారానికి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణ కూడా ఉంది. కనుక పెంపకంలో పుట్టినవి తప్ప మరేవీ కొనకూడదని గట్టిగా కోరుతున్నాను.

బొరియలు తవ్వే జాతుల దగ్గర మాత్రం ఈ ఇటుక ఒక్కటే చాలదు. దక్షిణ అమెరికా వానఅడవుల థెరఫోసా స్టిర్మి వంటి భారీ సాలీడు తవ్వుతుంటే, ఆరిన పొట్టు పొడిపొడిగా రాలి బొరియ కప్పు కూలుతుంది. ఇది ఈ కంపెనీ లోపం కాదు, కొబ్బరి పొట్టు స్వభావమే అంత. ఎరువులు కలపని తోటమట్టిని మూడో వంతు చేర్చి, చేత్తో అదిమితే గోడలు నిలుస్తాయి. దీనికి పూర్తిగా భిన్నమైనది గ్రామోస్టోలా పుల్క్రా అనే మరో టరాంటులా. దానికి ఆరిన పొట్టూ, నీటి గిన్నే చాలు, ఎప్పుడైనా గిన్నె కాస్త పొంగేలా నీళ్లు పోస్తే సరిపోతుంది. నేల మరీ తడిగా ఉంటే అది అద్దం ఎక్కి దిగనంటుంది. చిట్టి పిల్లల సంగతి వేరు: ఏ జాతివైనా వాటి ఒంట్లో నీరు త్వరగా ఆవిరైపోతుంది కనుక, వాటి డబ్బాలో ఒక పక్కన ఎప్పుడూ చెమ్మ ఉండాలి.

తోటల కోసం అమ్మే ఇటుకలు దీనికంటే చాలా చవక. అలాంటిది ఒకటి వాడినప్పుడు, నీరు ఆరేకొద్దీ అద్దం మీద తెల్లని ఉప్పు చారలు తేలాయి. చవకదే కొనదలచినవారు ఎరువు కలపలేదని చీటీ చదివి నిర్ధారించుకుని, రెండు మూడు నీళ్లతో బాగా కడిగి వాడుకోవచ్చు. తడి పొట్టుకు బూజు ఎలాగూ పడుతుంది. స్ప్రింగ్‌టెయిల్ పురుగులను వదిలితే అవి దానిని తినేస్తాయి, సాలీడుకు వాటివల్ల హాని లేదు. మిగిలిన పొట్టును తడిగా మూటకట్టి దాచకుండా ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే, నీళ్లు తగలగానే మళ్లీ మొదటిలాగే పనిచేస్తుంది.