ఉక్కా, అల్యూమినియమా: మీకు ఏ ‘గట్టి’ కావాలి?

చిన్న స్టాండో, బ్రాకెట్టో, ఫ్రేమో సొంతంగా చేసుకుందామనుకునే వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “ఉక్కు గట్టిదా, అల్యూమినియం గట్టిదా?” ఈమధ్య నా పనికి నేనే ఈ రెంటిలో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

చిక్కంతా ‘గట్టి’ అనే మాటలోనే ఉంది. గాజు గట్టిదే, తొందరగా గీత పడదు, కానీ కింద పడితే పగిలిపోతుంది. రబ్బరు బెల్టూ గట్టిదే, ఎంత లాగినా తెగదు, కానీ సాగిపోతుంది. వేర్వేరు గుణాలన్నిటినీ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. గీత పడకపోవడం కాఠిన్యం. విరక్కుండా, శాశ్వతంగా వంకర పోకుండా బరువు మోయడం బలం. బరువు పెట్టినప్పుడు అసలు ఎంత తక్కువ వంగుతుందన్నది బిరుసు. స్టాండ్లు, బ్రాకెట్ల విషయంలో నూటికి తొంభై సార్లు మనకు కావాల్సింది ఈ చివరిదే. అడిగేది మాత్రం బలం గురించి.

నా సంగతే చెప్తాను. బల్ల మీద వస్తువుల్ని పైనుంచి ఫొటో తీయడానికి కెమెరాను పట్టుకునే ఒక చెయ్యి కావాలి. కెమెరా, లెన్సు, క్లాంపు కలిపి 2 కిలోలు. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న 6061-టి6 అల్యూమినియం పట్టీ తీసుకుని, 300 మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా బిగించాను. ఆ రకం అల్యూమినియం దాదాపు 275 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా శాశ్వతంగా వంకర పోకుండా తట్టుకుంటుంది. మామూలు మైల్డ్ స్టీల్‌కు ఆ అంకె 250. కాగితం మీద చూస్తే అల్యూమినియమే ఒక మెట్టు పైన.

కెమెరా తగిలించగానే చివర దాదాపు సెంటీమీటరు కిందికి దిగింది. బటన్ నొక్కిన ప్రతిసారీ ఊగులాట, ఫొటోలన్నీ మసక. కెమెరా తీసేస్తే పట్టీ మళ్లీ తిన్నగా వచ్చేసింది. అంటే బలానికి ఏ లోటూ లేదు. లోపం బిరుసులో ఉంది. బిరుసును కొలిచే అంకెను యంగ్ గుణకం అంటారు. ఉక్కుకు అది సుమారు 200 గిగాపాస్కల్, అల్యూమినియంకు 70. అదే కొలతల్లో మైల్డ్ స్టీల్ పట్టీ పెడితే చివర మూడున్నర మిల్లీమీటర్లే దిగింది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వంగుతోంది కాబట్టి ఇంకా ఖరీదైన గ్రేడ్ అల్యూమినియం కొంటారు. 7075-టి6 బలం 500 మెగాపాస్కల్ దాటుతుంది, నిజమే. కానీ దాని యంగ్ గుణకం 72 దగ్గరే ఆగిపోతుంది. వేరే లోహాలు కొద్దిగా కలిపినా, వేడిచేసి గట్టిపరిచినా పెరిగేది బలమే, బిరుసు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఉక్కులోనూ అంతే. మైల్డ్ స్టీల్ బదులు స్ప్రింగ్ స్టీల్ పెట్టినా, బరువు కింద వంగేది అంతే. డబ్బు పోసి తెచ్చిన పట్టీ కూడా అలాగే వంగితే ఎంత నిరాశగా ఉంటుందో!

అల్యూమినియం వైపు నుంచీ గట్టి వాదన ఒకటుంది. పట్టీ వంగకుండా ఉండే శక్తి మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల బదులు 7 మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టీ వాడితే ఉక్కుతో దాదాపు సమానంగా నిలుస్తుంది. అప్పుడు దాని బరువు 142 గ్రాములు, ఉక్కు పట్టీది 294. అంటే సగం కన్నా తక్కువ. మోసుకు తిరిగేదైనా, ఎగిరేదైనా, తనంతట తాను కదిలేదైనా అయితే నేను మరో ఆలోచన లేకుండా అల్యూమినియమే తీసుకుంటాను.

నా క్లాంపు నోరు 6 మిల్లీమీటర్లకు మించి తెరుచుకోదు. అందుకే ఉక్కు. పట్టీని 25 మిల్లీమీటర్ల వైపు నిలువుగా ఉండేలా తిప్పి పెడితే వంగడం 25 రెట్లు తగ్గుతుంది కదా అంటారేమో. తగ్గుతుంది. మీ పనిలో ఆ వీలుంటే లోహం మార్చే ముందు అదే చేయండి. నాకు మాత్రం క్లాంపు పట్టడానికి అడ్డంగానే కావాలి. ఒకచోట బిగించి వదిలేసే వస్తువులకు ఇప్పటికీ నా ఓటు ఉక్కుకే. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒత్తిడి ఒక హద్దులోపల ఉంటే మామూలు ఉక్కు లక్షల సార్లు ఊగినా పగులు రాదు. అల్యూమినియంకు అంత స్పష్టమైన హద్దు లేదు. చిన్న చిన్న ఊపులు కూడా ఏళ్ల తరబడి పోగవుతూనే ఉంటాయి.

పనితనంలో అల్యూమినియం హాయి. హ్యాక్సాతో ఇట్టే తెగుతుంది. ఆకురాయి పళ్లలో మాత్రం పొడి ఇరుక్కుపోతుంది, ముందే సుద్ద రుద్దితే ఆ బాధ తగ్గుతుంది. వెల్డింగ్ మాత్రం ఇంట్లో వద్దు. లోహం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, పైనున్న ఆక్సైడ్ పొర 2000 దాటితే గాని కరగదు. పైగా 6061-టి6 అయితే అతుకు పక్కన బలం బాగా పడిపోతుంది. తుప్పు విషయంలో అల్యూమినియందే పైచేయి, ఆ ఆక్సైడ్ పొరే దానికి కవచం. కానీ తడి తగిలే చోట ఉక్కు బోల్టుతో నేరుగా బిగిస్తే బోల్టు చుట్టూ అల్యూమినియమే తినేసుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్, చుట్టూ తొడుగు వేయాలి.

స్టెయిన్‌లెస్ బిరుసులో మైల్డ్ స్టీల్‌కు దగ్గరే, తడి ఉన్నచోట తీసుకోండి. అక్రిలిక్ యంగ్ గుణకం 3 గిగాపాస్కల్, బరువు మోసే పనికి దాన్ని మర్చిపోండి.

మైల్డ్ స్టీల్ తీసుకుంటే కోసిన అంచులకు ఆ రోజే ప్రైమర్ పూయండి. నేను వారం ఆగాను, రంధ్రం చుట్టూ అప్పటికే ఎర్రటి వలయం మొదలైంది. ఎమరీతో గీకి, రెండు పూతలు వేశాకే కెమెరా మళ్లీ ఎక్కించాను.