మెనోపాజ్ తర్వాత మెదడు కోసమని అమ్మే ఆ క్యాప్సూల్స్ కొనొద్దు, ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు

కంపెనీ పేరు రాయడం లేదు. నలభై దాటిన ఆడవాళ్ల ఫోన్లలో రోజూ కనిపించే ప్రకటనే, ఎవరిదో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. వాళ్లతో మాట్లాడి ఫోన్ పెట్టేసి గంట కూడా కాలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాకు 54. పీరియడ్స్ ఆగి రెండేళ్లు. థైరాయిడ్ తక్కువని పదేళ్లుగా పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. ఈ మధ్య మాట మధ్యలో పదం దొరక్క ఆగిపోవడం, గదిలోకి వెళ్లి ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోవడం ఎక్కువయ్యాయి. మా అమ్మ చివరి రోజుల్లో నన్నే గుర్తుపట్టలేదు. ఆ భయంతోనే ఐదు నెలల కిందట కొన్నాను. కొనేముందు ఫోన్ చేసి మరీ అడిగాను, థైరాయిడ్ మాత్రతో ఇబ్బంది ఉంటుందా అని. "అస్సలు ఉండదు మేడమ్, అంతా నేచురల్. రెండూ కలిపే వేసేసుకోండి" అన్నారు.

మొదటి నెల బాగున్నట్టే అనిపించింది. మూడో నెలకి నీరసం, మలబద్ధకం, మతిమరుపు అంతకుముందు కన్నా ఎక్కువ. మళ్లీ ఫోన్ చేస్తే డోస్ సరిపోవడం లేదు, రోజుకి రెండు వేసుకోమన్నారు. వేసుకున్నాను.

పోయిన నెల డాక్టర్ దగ్గరికి వెళ్తే రక్తపరీక్ష రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే హార్మోన్) బాగా తక్కువ, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువ అని వచ్చింది. అంటే నా థైరాయిడ్ మాత్ర ఎక్కువైపోతోందని లెక్క, డోస్ తగ్గించాలి. ఆవిడ రిపోర్టు వంక, నా వంక చూసి, "మిమ్మల్ని చూస్తే థైరాయిడ్ తక్కువైన మనిషిలా ఉన్నారు, కాగితం ఎక్కువైందంటోంది. ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. బ్యాగులోంచి ఆ బాటిల్ తీసి ఇచ్చాను. వెనకాల లేబుల్ మీద అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే అప్పుడు కనిపించింది: బయోటిన్ (ఒక రకం బి విటమిన్) 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి సరిపోయేది 30. నేను రెండు క్యాప్సూల్స్ వేసుకుంటున్నాను.

బయోటిన్ అంత ఎక్కువైతే కొన్ని రకాల ల్యాబ్ పరీక్షల్లో థైరాయిడ్ అంకెలు తారుమారుగా వస్తాయట. వారం రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ, అంటే నిజానికి నాకు థైరాయిడ్ తక్కువే. కారణం కూడా ఆ బాటిల్లోనే ఉంది, ఐరన్, కాల్షియం. అవి థైరాయిడ్ మాత్రని ఒంటికి పట్టనివ్వవు, కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. వాళ్ల మాట నమ్మి నేను రెండూ ఒకే గ్లాసు నీళ్లతో మింగాను, నెలల తరబడి. థైరాయిడ్ తగ్గితే మెదడు మందగిస్తుంది, మతిమరుపు వస్తుంది. ఏది తగ్గుతుందని కొన్నానో దాన్నే పెంచి, పెంచిన సంగతి పరీక్షలో కనపడకుండా కూడా చేసిందది. డాక్టర్ ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా డోస్ తగ్గించేసి ఉంటే నా గతేమిటి?

ఇదంతా చెబుదామని ఈరోజు వాళ్లకి ఫోన్ చేశాను. డబ్బు కోసం కాదు, ఇంకెవరికీ కలిపి వేసుకోమని చెప్పకండి అనడానికి. పైఅధికారి అని ఒకతనికి కలిపారు. అంతా విని, "మీరు థైరాయిడ్ గురించి అడిగినట్టు మా దగ్గర ఏమీ లేదు ఆంటీ" అన్నాడు. అప్పటిదాకా మేడమ్. తర్వాత మెల్లగా, "మీరు మతిమరుపుకే కదా ఇది కొన్నారు? అడిగానని మీకు అనిపిస్తోందేమో. ఈ వయసులో అలా అనిపిస్తుంటుంది లెండి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఒక్క క్షణం, నిజంగానే నేను అడగలేదేమో అనుకున్నాను. అన్నింటికన్నా అదే నన్ను ఎక్కువ కాల్చేస్తోంది. నా భయం తెలిసి అమ్మారు, అదే భయాన్ని నా మీదికే తిప్పారు.

మర్చిపోతున్నానని ఈ ఏడాది మొదటి నుంచీ అన్నీ డైరీలో రాసుకుంటున్నాను. వెళ్లి తీశాను. నా చేతిరాతే, నీలం ఇంకు: "ఫోన్ చేశాను. థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవచ్చన్నారు." పక్కన టైమ్ కూడా ఉంది. చదివి వినిపించాను. "సీల్ తీసిన బాటిల్‌కి రిఫండ్ ఉండదు" అని ఫోన్ పెట్టేశాడు. నేను రిఫండ్ అడగనే లేదు.

నా తప్పూ ఉంది. కొనే ముందే డాక్టర్‌ని ఒక్క మాట అడగాల్సింది. విటమిన్లే కదా అనుకున్నాను. బాటిల్ మీద "నిరూపితం" అన్న ముక్క చూసి ఇంకేమీ వెతకలేదు. అందులో ఉన్న గింకో అనే చెట్టు ఆకుల సారాన్ని మూడు వేల మంది పెద్దవయసు వాళ్లకి ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే డిమెన్షియా రావడం తగ్గలేదని 2008లోనే తేలింది. సోయాలో ఉండే ఐసోఫ్లేవోన్లనే పదార్థాలని పీరియడ్స్ ఆగిన 350 మంది ఆడవాళ్ల మీద రెండున్నరేళ్లు చూశారు, 2012లో ఫలితం వచ్చింది, మొత్తం మీద ఆలోచనాశక్తిలో తేడా లేదు. ఇవన్నీ ఇప్పుడు చదువుతున్నాను.

జుట్టుకీ గోళ్లకీ అని బయోటిన్ వాడేవాళ్లు కూడా రక్తపరీక్షకి ముందు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి. గుండెపోటుని పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పుగా తక్కువ చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. మతిమరుపు అనిపిస్తే ముందు థైరాయిడ్, బీ12 చూపించుకోండి.

ఇంకొక్క మాట. మొదటి నెలలో బాగుందనుకుని ఇద్దరు ముగ్గురికి నేనే చెప్పి కొనిపించాను. మా చెల్లెలికి ఇందాకే ఫోన్ చేసి ఆపించాను. మిగతావాళ్లు ఇది చదువుతుంటే, నన్ను క్షమించండి. బాటిల్ తీసుకుని రేపే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.