ఫోనుతో నడిచే మోటారు డబ్బాలు కొనేవారికి జాగ్రత్త హెచ్చరిక

నల్లగొండ జిల్లా కనగల్ మండలంలో మాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. పట్టణంలో ఉంటూ తోట చూసుకుంటున్నాను కాబట్టి, రెండేళ్ల కిందట బోరు మోటారును ఫోనుతో నడిపించే ఇంటర్నెట్ డబ్బా ఒకటి కొన్నాను. పోయిన మే నెలలో ఆ డబ్బా వల్ల మోటారు కాలిపోయింది, చెట్ల మీదున్న పిందెలో మూడో వంతు రాలిపోయింది. ఎండాకాలం దగ్గర పడుతున్న ఈ రోజుల్లో అదే రకం డబ్బాలు దుకాణాల్లో మళ్లీ కనిపిస్తున్నాయి. నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఈ పరికరాలు పనికిరానివని నేను అనడం లేదు. వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న వచ్చింది. అంతకుముందు మా నాన్న అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని తడిగట్ల మీద నడుచుకుంటూ బోరు దగ్గరికి వెళ్లేవారు. ఆయన తిరిగి వచ్చేదాకా అమ్మ పడుకునేది కాదు. పాము కరిచో, స్టార్టరు షాకు కొట్టో ఎవరో ఒకరు పోయారన్న మాట వినని ఏడాది మా చుట్టుపక్కల లేదు. 24 గంటల కరెంటు వచ్చాక, అవసరం ఉన్నా లేకున్నా మోటార్లు నడిచి భూగర్భజలం అడుగంటుతోందని, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థ వాళ్లు ఊరూరా చెప్పారు. అప్పుడు ఫోను డబ్బా మంచి మార్గంగా తోచింది. కొన్న తర్వాత ఏడాదికి పైగా అది చెప్పినట్టే పనిచేసింది కూడా. ఫేజు పోతే ఫోనుకు కబురు వచ్చేది, మోటారు ఎన్ని గంటలు నడిచిందో లెక్క కనిపించేది.

మే నెలలో ఒక సాయంత్రం ఇంటి నుంచే మోటారు ఆన్ చేశాను. రెండు గంటల తర్వాత ఆపుదామని బటన్ నొక్కితే, తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉండి, చివరికి పరికరం అందుబాటులో లేదని వచ్చింది. సిగ్నల్ లేదేమో అనుకొని, బోరులో నీళ్లు తగ్గితే డబ్బాయే మోటారును ఆపేస్తుందని అమ్మినవారు చెప్పిన మాట మీద ధైర్యంతో పడుకున్నాను. తెల్లవారి వెళ్లేసరికి డబ్బా మీద ఆకుపచ్చ దీపం మామూలుగానే వెలుగుతోంది, దగ్గరికి వెళితే స్టార్టరులో నుంచి కాలిన వాసన వస్తోంది. రాత్రంతా నీళ్లు లేకుండా తిరిగి సబ్‌మెర్సిబుల్ మోటారు వైండింగ్ కాలిపోయింది. పైపులు ఎత్తి, వైండింగ్ చేయించి, మళ్లీ దింపడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ ఎండల్లో తొమ్మిది రోజులు తడి లేకపోతే బత్తాయి పిందె ఏమవుతుందో తోట ఉన్నవారికి వేరే చెప్పనక్కర లేదు.

ఆ తర్వాత నాకు తెలిసిన సంగతులు కొనేముందే అడిగి తెలుసుకోవలసినవి. నేను డబ్బాకు రెండడుగుల దూరంలో నిలబడి ఫోనులో బటన్ నొక్కినా, ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు, అంటే కంపెనీ నడిపే కంప్యూటరుకు వెళ్లి అక్కడి నుంచి తిరిగి డబ్బాకు రావాలి. నీళ్లు తగ్గితే మోటారును ఆపాలన్న నిర్ణయం కూడా డబ్బాలో లేదు, సర్వర్‌లోనే ఉంది. కంపెనీ ఆ సర్వర్‌ను ఎవరికీ చెప్పకుండా ఆపేసింది. లోపలి సిమ్ కార్డు మామూలు పదంకెల నంబరు కాదు, యంత్రాల కోసం ఇచ్చే పదమూడంకెల నంబరు, అదీ కంపెనీ పేరు మీద ఉన్నది కాబట్టి నేను రీచార్జి చేయించుకునే వీలు లేదు. అన్నిటికన్నా బాధ కలిగించినది ఏమిటంటే, బిగించిన మనిషి పాత స్టార్టరు బటన్లకు వైరు తీసేసి వెళ్లాడు. చేత్తో మోటారు ఆన్ చేసుకునే దారి లేకుండా పోయిందని మోటారు మళ్లీ దింపిన రోజున గానీ మాకు తెలియలేదు.

ఇది చిన్న కంపెనీలతోనే వచ్చే ఇబ్బంది అనుకోవద్దు. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే ఇంటి పరికరాల కంపెనీ 2022 ఏప్రిల్‌లో ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేస్తే, ఎన్నో ఇళ్లలో ఫోనుతో వెలిగించే దీపాలు ఫోను మాట వినడం మానేశాయి. కొన్ని వారాల తర్వాత వాడుకరులే కొందరు కలిసి ఆ కంపెనీని కొని సర్వర్లను తిరిగి నడిపించారు. మన దగ్గర అలా ఎవరు కొని నడిపిస్తారు?

దుకాణదారులకు ఇంకో సంగతి చెప్పాలి. నా సంఘటన జరిగాక, మిర్యాలగూడలో ఎరువుల దుకాణం నడిపే మా బావమరిది తన కెమెరాల యాప్ తెరిచి చూసుకుంటే, దృశ్యాలు చూసే అనుమతి మూడు ఫోన్లకు ఉంది. ఒకటి అతనిది, ఒకటి ఏడాది కిందట కెమెరాలు బిగించిన కుర్రవాడిది, మూడోది ఎవరిదో ఇప్పటికీ తెలియదు. గల్లాపెట్టె మీదికి పెట్టిన కెమెరా పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టినదే, ఎవరూ మార్చలేదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రామ్ ఇలా పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో పట్టుకొని, అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి అందకుండా చేసింది. సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేస్తూ కేంద్రం తెచ్చిన నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. అయితే అంతకుముందు గోడకు బిగించిన కెమెరా పాస్‌వర్డ్‌ను ఆ నిబంధన వచ్చి మార్చదు, యజమానే మార్చుకోవాలి.

కొనదలచినవారు దుకాణంలోనే డబ్బాలోని సిమ్ తీయించి, మోటారు చేత్తో ఆన్ అవుతుందో లేదో, నీళ్లు లేనప్పుడు దానంతటదే ఆగుతుందో లేదో చూపించమని అడగండి. చూపించలేమంటే కొనవద్దు. మీ పేరు మీది సిమ్‌తో, మిస్డ్ కాల్‌కో మెసేజ్‌కో పనిచేసే పాత రకం మొబైల్ స్టార్టర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి; నేను ఇప్పుడు దానితోనే నడుపుతున్నాను. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు, సర్వీసు ఎన్నేళ్లో రాయించుకోండి. నా బిల్లు మీద 'ఎలక్ట్రికల్ సామాను' అని మాత్రమే ఉండటం వల్ల ఏం కొన్నానో రుజువు చేయడానికే నాకు రెండు నెలలు పట్టింది.

ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదని అవతలివాళ్లు వాదిస్తారు, కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్న వస్తువుకు వర్తిస్తుందని చట్టంలోనే ఉంది. నా ఫిర్యాదు నల్లగొండ జిల్లా కమిషన్‌లో ఉంది. కాలిన మోటారు ఫొటోలు, ఫోను తెర మీద వచ్చిన సందేశం ఫొటో దానికి జతచేశాను. మీ డబ్బా ఇంకా పనిచేస్తూ ఉంటే, మోటారు నడిచిన లెక్కలు కనిపించే తెరను ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి. సర్వర్ ఆగిన మరుసటి రోజు నుంచి నాకు ఆ లెక్కలు కనిపించలేదు.