సొంత ఫోను కాని ఫోనులో పరీక్ష: బ్రౌజర్ ఎమ్యులేటర్‌తో ఒక మిర్చి సీజను

బ్రౌజర్‌లో నడిచే ఫోన్ ఎమ్యులేటర్ సేవ (కంప్యూటరు తెరమీదే ఒక నకలు ఫోనును నడిపి చూపే సేవ) ఒకదాన్ని పోయిన మిర్చి సీజను ముందు నుంచి వాడుతున్నాను. ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఎక్కించడం, లింకు తీసుకోవడం, వాడిన నిమిషాలను బట్టి చెల్లించడం వంటివి యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచినది ఒక్క సంగతి: ఈ సేవ పరీక్షించేవారి ముందు పెట్టే ఫోను వారి సొంత ఫోను కాదు. దీనిమీద నాకున్న అభిమానమంతా అక్కడే పుట్టింది, సీజను నడిమధ్యలో నన్ను బాగా ఇబ్బంది పెట్టినదీ అదే.

మా యాప్ గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాల కోసం తయారవుతున్నది. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, సరుకు తేజానా 334 రకమా, కాటాలో ఎంత తూగింది, క్వింటా ఏ ధరకు తెగింది అనేవి గుమాస్తా అక్కడికక్కడే ఎక్కించుకోవాలి. కాబట్టి దాన్ని పరీక్షించవలసినవారూ ఆ గుమాస్తాలే. నోటిలెక్కలో వారికి సాటి రాగలవారు తక్కువ, కానీ ఫోనులో కొత్తది ఏదైనా వేసుకోమంటే మాత్రం వెనకాడతారు. ఆ వెనకాట న్యాయమైనదే. వాట్సాప్‌లో ఏపీకే పంపితే, తెలియని చోటి నుంచి వచ్చిన యాప్‌ను అనుమతిస్తారా అని ఫోను ముందు అడుగుతుంది, ఆపైన గూగుల్ భద్రతా తనిఖీ అయిన ప్లే ప్రొటెక్ట్ హెచ్చరిక కూడా రావచ్చు. అలా వచ్చిన ఫైలును నొక్కి ఖాతాలోని డబ్బు పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికల్లో చదివి, అదే ఫోనులో తన ఫోన్‌పే పెట్టుకున్న మనిషి అక్కడ ఆగిపోవడమే సబబు.

లింకు పంపడం మొదలుపెట్టాక పరిస్థితి మారిపోయింది. దుకాణంలో పద్దుల కోసం ఎలాగూ కంప్యూటరు ఉంటుంది. అందులో లింకు నొక్కితే తెర మధ్యలో ఒక ఫోను బొమ్మ వచ్చి, అందులో మా యాప్ తెరుచుకుంటుంది. మొదట చూసిన పెద్దాయన ఒకరు మౌసు మీద చేయి వేయకుండానే, “ఇది పాడైతే ఎవరి ఫోను పోతుంది బాబూ?” అని అడిగారు. ఎవరిదీ పోదండీ, పేజీ మూసి మళ్లీ తెరిస్తే కొత్త ఫోనే వస్తుంది అని చెప్పాను. ఆ మాట విన్న తర్వాత ఆయన నొక్కని బటను లేదు. బరువు దగ్గర సున్నా కొట్టి చూశారు, ధర మార్చారు, ఎక్కించిన పద్దును కొట్టేసి మళ్లీ ఎక్కించారు. చివరికి ఒకే రైతు సరుకులో మంచి కాయకు ఒక ధర, తాలుకు (రంగు పోయిన నాసి కాయకు) ఒక ధర వేయబోయారు. మా తెరలో అందుకు చోటే లేదు. యార్డులో రోజూ జరిగే ఈ పని మేము ఎన్నిసార్లు అడిగినా ఎవరి నోటా రాలేదు, ఎందుకంటే వారికది చెప్పవలసిన విషయంగానే తోచదు. భయం లేకుండా చేతికి వదిలేస్తే తప్ప ఇలాంటివి బయటపడవని నా గట్టి నమ్మకం, ఆ ఒక్క మేలుకే ఈ సేవకు కట్టిన డబ్బు నాకు గిట్టింది.

ఇక అదే గుణం ఇబ్బంది పెట్టిన వైపు. పరీక్షలన్నీ సాఫీగా ముగిశాయనుకుని, సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో యాప్‌ను అసలు ఫోన్లలో పెట్టించాము. మొదటి ఉదయమే ఆ పెద్దాయన ఫోను చేసి, “కంప్యూటర్లో కింద నీలం బటను ఉండేది కదా బాబూ, ఫోన్లో తీసేశారేమిటి?” అన్నారు. బటను తీసేయలేదు. ధర గడిని తాకగానే కింది నుంచి కీబోర్డు లేచి దాన్ని పూర్తిగా కప్పేస్తున్నది. ఎమ్యులేటర్‌లో ఇది ఎవరికీ కనబడలేదు, కారణం ఏమిటంటే అక్కడ కంప్యూటరు కీబోర్డునే ఫోనుకు తగిలించిన కీబోర్డుగా ఆండ్రాయిడ్ లెక్కవేసుకుని తెరమీది కీబోర్డును దాచేస్తుంది. గుమాస్తాలందరూ కుడివైపు అంకెల మీటల మీద చకచకా కొట్టుకుపోయారు. మా కోడ్‌లో సవరణ చిన్నదే, ఆ సాయంత్రానికే అయిపోయింది. కానీ పొద్దున్న కాటా దగ్గర రైతులు నిలబడి ఉండగా బటను దొరకని ఇద్దరు ముగ్గురు కాగితం మీదికి వెళ్లిపోయి, చాలా రోజుల వరకు తిరిగి రాలేదు.

తెరమీది కీబోర్డు తప్పక కనబడేలా ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ఒక మీట ఉన్నది. అయితే నేను వాడే సేవలో సెషన్ ముగియగానే ఫోను మొదటి స్థితికి వెళ్లిపోతుంది కనుక ఆ మార్పు కూడా పోతుంది. పెద్దాయనకు ధైర్యమిచ్చిన గుణం ఇక్కడ అడ్డం తిరిగింది. ఈ విషయాన్ని సేవవారి సహాయ పేజీల్లో స్పష్టంగా రాసి ఉంటే బాగుండేది, నాకు ఎక్కడా కనబడలేదు.

కెమెరా సంగతీ అంతే: మచ్చు కాయల ఫోటో తీయబోతే ఎమ్యులేటర్ ఏదో కృత్రిమ దృశ్యాన్ని చూపిస్తుంది. ప్లే స్టోర్‌లో విడుదలకు ముందు కావలసిన పరీక్షకూ ఇది అక్కరకు రాదు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు కనీసం 12 మంది తమ గూగుల్ ఖాతాలతో చేరి, 14 రోజులు విడవకుండా కొనసాగాలన్నది గూగుల్ నియమం. లింకులో చూసినవారు ఆ లెక్కలోకి రారు.

ఇప్పుడు నేను తొలి విడత లింకుతోనే చేయిస్తున్నాను, మలి విడతకు దుకాణంలో ఒక చవక ఆండ్రాయిడ్ ఫోను పెట్టి వస్తున్నాను. అందులో ఎవరి బ్యాంకు యాప్‌లూ ఉండవు కనుక దాన్ని ముట్టుకోవడానికీ ఎవరూ జంకడం లేదు. ఇంతకుముందు ఈ సేవ ఒక్కటి చాలని స్నేహితులకు చెప్పాను, ఇప్పుడు అడిగితే మొదటి విడతకు మాత్రం చాలంటాను. నేను ఉండేది బ్రాడీపేటలో, అక్కడి నుంచి యార్డుకు పోయి ఫోను పెట్టి రావడం నాకు పెద్ద పని కాదు. పరీక్షించేవారు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఆ వీలుండదు. పైగా కంప్యూటరు లేని రైతులకు లింకు పంపితే చిన్న ఫోను తెరలో మరింత చిన్న ఫోను కనిపిస్తుంది, దానిమీద అంకెలు కొట్టడం కష్టం. నా మట్టుకు వచ్చే సీజనులోనూ ఈ సేవకు డబ్బు కడుతున్నాను, తాలు ధరకు కొత్తగా పెట్టిన గడిని ముందుగా ఆ పెద్దాయనకే లింకులో పంపబోతున్నాను.